చామంతి, వయసు పదకొండు నెలలు

ఫిబ్రవరి 9

పంపుహౌసులో పద్దెనిమిదేళ్ళుగా లాగ్ రాస్తున్నాను. నీటిమట్టం ఎంత, ప్రెషర్ ఎంత, ఏ వాల్వు ఎన్నింటికి తిప్పాను, అంతవరకే. ఒళ్ళు మండిందని రాయడానికి అందులో చోటు లేదు. అందుకే ఇంట్లో వేరే పుస్తకం పెట్టుకున్నాను.

నిజానికి ఈ రోజు కోపం వచ్చే రోజు కాదు. పొద్దున, ఇక బయట తిరగొద్దని ఎండ సైరన్ మోగేలోపు ఆరిన బట్టలు తీసుకుని లోపలికి వస్తుంటే గోడ మీది ఫోన్ పలక మోగింది. మహావనం నుంచి పిలుపు. మార్చి ఎనిమిదో తారీకున కుటుంబం మొత్తానికి ఒక రోజు.

మహావనం అంటే మూడు కొండల మీద కప్పు వేసి కట్టిన జంతుశాల. మా ఊరి నుంచి రైల్లో నాలుగు గంటలు. ఈ ఎండలకి బయట బతకలేని జంతువులన్నీ అక్కడే ఉన్నాయి. ఏ కుటుంబానికైనా ఏడేళ్ళకోసారి వంతు. పోయినసారి మా వంతు వచ్చినప్పుడు మా అమ్మాయి ఆసుపత్రిలో ఉంది. వదులుకున్నాం.

సాయంత్రం నలుగురం కూర్చున్నాం. మా ఆయన జోగారావు వార్డు వంటశాలలో వంట చేస్తాడు. ఏం తీసుకెళ్ళాలో ఆయన జాబితా ఆయన మొదలుపెట్టాడు. మా అత్త పైడమ్మ చిన్నప్పుడు ఒక ఏనుగు వాళ్ళ వీధిలోకి వచ్చి అరటిగెల లాక్కుపోయిందట. ఆ ఊరూ ఆ వీధీ ఇప్పుడు సముద్రంలో ఉన్నాయి. ఆ ఏనుగు సంగతి మాత్రం మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. పదకొండేళ్ళ మా చామంతి అడగాల్సిన ప్రశ్నలు చెబుతుంటే నేను రాశాను. పద్నాలుగు అయ్యాయి. ఏనుగు నడిస్తే చప్పుడవుతుందా? పులికి వాన అంటే చిరాకా? పాము పొట్టతో పాకుతుంటే దానికి గరుకు తెలుస్తుందా?

"ఎవరిని అడుగుతావే ఇవన్నీ?" అన్నాను.

"అక్కడ పనిచేసేవాళ్ళని. వాళ్ళకి తెలీకపోతే జంతువుల్ని," అంది.


ఫిబ్రవరి 12

నలుగురి పేర్లతో పెట్టిన దరఖాస్తు వెనక్కి వచ్చింది. 'నాలుగో సభ్యురాలి కంటిగుర్తు అందలేదు. స్పష్టంగా తీసి పంపగలరు.'

చామంతికి కంటిగుర్తు లేదు. పుట్టుకతోనే చూపు లేదు. ఈ రోజుల్లో అలా పుట్టిన పిల్లలకి రెండో ఏటే కొత్త కళ్ళు పెడతారు. తనకీ పెట్టారు, రెండుసార్లు. రెండుసార్లూ తన నరాలు వాటిని ఒప్పుకోలేదు. రెండోసారి జ్వరంతో ఇరవై రోజులు మంచం మీద ఉంది. మూడోసారి పెడతామంటే తనే వద్దంది. అప్పటికి దానికి ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళ పిల్ల అంత స్పష్టంగా వద్దన్నాక బలవంతం చేయడానికి మాకు నోరు రాలేదు.

మహావనానికి ఫోన్ చేశాను. భార్గవ అని ఒక సందర్శన అధికారి మాట్లాడాడు. గొంతు మర్యాదగానే ఉంది.

"మేడమ్, మా గేట్లన్నీ కంటితోనే తెరుచుకుంటాయి. లోపల వివరాలు కూడా నేరుగా కంట్లోకే వస్తాయి. కంటిగుర్తు లేకుండా ఎలా?"

"మా అమ్మాయికి చూపు లేదండీ."

"అంటే, తాత్కాలికంగానా?"

"తాత్కాలికం కాదు."

"కానీ మేడమ్, అంధత్వం నిర్మూలన అయిపోయింది కదా. నేను బళ్ళో చదువుకున్నాను."

వాడు బళ్ళో చదువుకున్నాడట! నేను పదకొండేళ్ళుగా ఇంట్లో చదువుతున్నాను. అయినా గొంతు పెంచలేదు. చూపు లేనట్టు ధ్రువపత్రం తెస్తే ఆలోచిస్తామన్నాడు.


ఫిబ్రవరి 16

పంపుహౌసుకి సెలవు పెట్టి చామంతిని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అత్త కూడా వస్తానంది. నీడ దారిలో నడిచి, రెండు ట్రాములు మారి వెళ్ళాం. మూడు గంటలు కూర్చోబెట్టారు.

డాక్టరమ్మ చిన్న వయసు. కంప్యూటర్‌లో వెతికి వెతికి తల ఎత్తింది. "మీరడిగిన పత్రం మా దగ్గర లేదండీ. ఆ మాటే జాబితాలో లేదు. ముప్పై ఏళ్ళ కిందట తీసేశారు. 'చికిత్స కొనసాగుతోంది' అని రాసివ్వగలను."

"కొనసాగట్లేదు కదండీ, నేను ఆపేశాను," అంది చామంతి.

"అప్పుడు 'రోగి సహకరించలేదు' అని రావాలమ్మా. నేను రాసేది కాదు, అదే వస్తుంది."

అత్తకి అంతవరకూ ఓపిక ఉంది. అప్పుడు లేచింది. "ఏటి సహకరించలేదు? రెండుసార్లు కళ్ళు కోయించుకుంది ఆ గుంట. ఇంకెన్నిసార్లు సహకరించాలి మీకు?"

పత్రం తీసుకోకుండా వచ్చేశాం. చామంతికి చూపు లేదని ఒప్పుకోవడానికి ఈ రాష్ట్రంలో ఒక్క కాగితం లేదు. లేని పిల్లని పెంచుతున్నట్టుంది మా బతుకు.

ట్రాములో చామంతి నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది. "అమ్మా, ఆ డాక్టరమ్మకి దగ్గు ఉందా? మాట్లాడే ముందు ప్రతిసారీ గొంతు సవరించుకుంటోంది."

"భయం వల్లే అనుకుంటా," అన్నాను.

"నేనంటేనా?"

"నువ్వంటే కాదు. ఆ పత్రమంటే."


ఫిబ్రవరి 20

భార్గవ మళ్ళీ ఫోన్ చేశాడు. పరిష్కారం దొరికిందన్నాడు. మేం ముగ్గురం వెళ్ళి రావచ్చట. నాలుగో సభ్యురాలికి ఇంటి దగ్గరే వినడానికి జంతువుల అరుపులు రికార్డు చేసి పంపిస్తారట.

"మేడమ్, తప్పుగా అనుకోకండి. అది చూసే చోటు. జంతువులన్నీ మందపాటి అద్దాల వెనకాల ఉంటాయి. చప్పుడు రాదు, వాసన రాదు. పాపకి అక్కడ ఏముంటుంది?"

నేను ఫోన్ పెట్టేశాను. కోపంతో పెట్టేశానా, అతను అన్నదాంట్లో కొంత నిజముందని పెట్టేశానా, ఇప్పటికీ చెప్పలేను.

వంటశాల నుంచి వచ్చాక జోగారావుకి చెప్పాను.

"హైమా, కోప్పడకు. అమ్మకి డెబ్బై నాలుగేళ్ళు. మళ్ళీ వంతు వచ్చేసరికి ఎనభై ఒకటి. అప్పటికి ఉంటుందో ఉండదో. మనం వెళ్ళొద్దాం. చామంతిని మా అక్క దగ్గర ఉంచుదాం. వచ్చాక అన్నీ చెబుదాం."

"ఏం చెబుతావు? నిన్ను వదిలేసి వెళ్ళాం, ఏనుగు చాలా బాగుంది అనా?"

"అరవకు."

"అరుస్తాను. దాని ప్రశ్నలు పద్నాలుగు నా చేత్తో రాశాను. అవి నువ్వు అడుగుతావా అద్దాన్ని?"

అప్పుడు లోపలి గది తలుపు దగ్గర నుంచి చామంతి గొంతు వినిపించింది. "నాన్నా, మీరు వెళ్ళండి. నాకేం పర్వాలేదు."

ఆ 'పర్వాలేదు' ఎలా అంటుందో నాకు తెలుసు. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళేటప్పుడు అలాగే అనేది. జోగారావు లేచి దాని దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "నలుగురం అయితేనే, లేకపోతే ఎవ్వరం వద్దు," అన్నాడు. అత్త గోడకి ఆనుకుని కూర్చుని, "ఆ ముక్క ముందే అనొచ్చు కదరా," అంది.


ఫిబ్రవరి 27

ఈ వారంలో పదకొండు ఉత్తరాలు రాశాను. సందర్శన మండలికి, ఆరోగ్య శాఖకి, మా వార్డు సభ్యుడికి. తొమ్మిదింటికి ఒకే జవాబు, అక్షరం పొల్లు పోకుండా. రెండింటికి జవాబే లేదు.

సాయంత్రం భార్గవ ఫోన్ చేశాడు. గొంతులో సంబరం. పాపం, నిజంగానే సాయం చేశాననుకున్నాడు.

"దొరికింది మేడమ్! ఏడాది లోపు పిల్లలకి కంటిగుర్తు అడగం. చంకబిడ్డ అని వేరే తరగతి ఉంది. పాపని అందులో వేశాను. పత్రం వచ్చేసింది చూడండి."

పలక మీద చూశాను. చామంతి. చంకబిడ్డ. వయసు: పదకొండు నెలలు. ఏళ్ళని ఆ యంత్రమే నెలలు చేసేసుకుంది.

"ఒక్కటే షరతు మేడమ్. గేటు దాటేటప్పుడు పెద్దవాళ్ళెవరైనా ఎత్తుకోవాలి. ఇద్దరి బరువూ గేటు కలిపి చూస్తుంది. ఒక్క అడుగే. దాటాక దింపేయొచ్చు."

ఇక్కడ నేను చేసిన పని దాచకుండా రాస్తున్నాను. వెంటనే ఫోన్ పెట్టేయాల్సింది. పెట్టలేదు. "సరే" అన్నాను. నలుగురం వెళ్ళొచ్చు కదా అని. జోగారావుకి చెబితే, "బియ్యం బస్తాలు ఎత్తేవాణ్ణి, కన్నకూతురు బరువా?" అన్నాడు, కానీ నా మొహం చూడలేదు. చామంతికి మాత్రం పత్రం వచ్చిందని చెప్పాను. ఎలా వచ్చిందో చెప్పలేదు.


మార్చి 8

రైల్లో తిరిగి వస్తూ రాస్తున్నాను. చామంతి నా పక్కనే నిద్రపోతోంది.

తెల్లవారకముందే బయల్దేరాం. జోగారావు పులిహోర, ఉడకబెట్టిన చిలగడదుంపలు కట్టాడు. చామంతి దారంతా ప్రశ్నలు వల్లెవేసుకుంది. మహావనం గేటు దగ్గరికి చేరేసరికి మా ముందు నలభై కుటుంబాలు ఉన్నాయి. ఒక్కొక్కళ్ళూ రెండు స్తంభాల మధ్య నిలబడతారు, ఎర్ర దీపం కంట్లోకి చూస్తుంది, ఆకుపచ్చ అవుతుంది, అడ్డుకర్ర పక్కకి జరుగుతుంది.

మా వంతు వచ్చింది. ముందు అత్త, తర్వాత నేను, ఆఖర్న చామంతితో ఆయన వెళ్ళాలనుకున్నాం. ఆకుపచ్చ కోటు వేసుకున్న అమ్మాయి పత్రం చూసి, చామంతిని చూసి, మళ్ళీ పత్రం చూసింది.

"చంకబిడ్డ ఎక్కడండీ?"

"ఈవిడే," అన్నాను.

ఆ అమ్మాయికి నవ్వు ఆగలేదు. వెనకాల వరసలో కూడా ఎవరో నవ్వారు. జోగారావు వంగి చామంతి నడుం చుట్టూ చెయ్యి వేశాడు.

"ఏం చేస్తున్నావు నాన్నా?"

"ఒక్క అడుగమ్మా. ఎత్తుకుంటే గేటు తెరుచుకుంటుంది."

"నేను నడుస్తాను."

"నడిస్తే తెరుచుకోదు తల్లీ. పత్రంలో నువ్వు చంటిపిల్లవని రాశారు."

చామంతి తల నా వైపు తిప్పింది. నేనెక్కడున్నానో దానికి ఎప్పుడూ తెలుసు. "అమ్మా, నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

ఏడవలేదు. తండ్రి చెయ్యి విడిపించుకుని, గేటు ముందు, రాళ్ళ మీద, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "నేను చంటిపిల్లని కాను. నడిచి వెళ్తాను. లేదంటే ఇక్కడే ఉంటాను."

వెనకాల వాళ్ళు గొణగడం మొదలుపెట్టారు. ఏడేళ్ళు ఎదురుచూసి వచ్చారు, వాళ్ళనీ ఏమనలేను. "ఎత్తేసుకుని వెళ్ళిపోండి సార్, పిల్లే కదా" అని ఒకాయన అరిచాడు. జోగారావు వెనక్కి తిరిగి ఆయనకేసి చూశాడు. కోటు అమ్మాయి, "పక్కకి జరగండమ్మా, మిగతావాళ్ళని పంపాలి," అంది.

అప్పటికే అత్త స్తంభాల మధ్య నిలబడి ఉంది. దీపం ఇంకా ఎర్రగానే ఉంది.

"పెద్దమ్మగారూ, కళ్ళు తెరవండి," అంది ఆ అమ్మాయి.

"తెరవను."

"కంట్లో ఏమైనా పడిందా?"

"ఏం పడలేదు. నాకూ చూపు లేదు, రాసుకో. డెబ్బై నాలుగు నెలల చంటిదాన్ని. ఎవరొచ్చి ఎత్తుతారో రమ్మను."

కళ్ళు గట్టిగా మూసుకుని, స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది. ఎవరూ ముట్టుకోలేకపోయారు. గేటు ఆగిపోయింది. వరస కొండ మలుపు దాకా పెరిగింది. నేను చామంతి పక్కన కింద కూర్చున్నాను. "తప్పు చేశాను, నీకు చెప్పాల్సింది," అన్నాను. నేను పట్టుకున్న చెయ్యిని తను లాక్కోలేదు.

అరగంట గడిచింది. గోడ పక్క నుంచి గడ్డిబండి తోసుకుంటూ ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. కాళ్ళకి మోకాళ్ళ దాకా బురద.

"ఏటైందమ్మా? గుంట కింద కూకుందేటి?"

చెప్పాను. ఆవిడ కోటు అమ్మాయి వైపు ఒకసారి, అత్త వైపు ఒకసారి చూసి, చామంతి ముందు గొంతుక్కూర్చుంది.

"నా పేరు అప్పలనర్సమ్మ. లోపల మేత ఏస్తాను. మా గేటుకి కళ్ళతో పన్లేదు. గడ్డి ఎల్లే దారి అది. నడిసే ఎల్లొచ్చు. వత్తావా?"

"అక్కడ అద్దాలుంటాయా?" అంది చామంతి.

"గడ్డి అద్దంలోంచి ఎలా ఎల్తాదే?"

కోటు అమ్మాయి, "అక్కా, కుదరదు, పై వాళ్ళు," అని ఏదో అనబోయింది. అప్పలనర్సమ్మ, "పై వాళ్ళని రమ్మను, మేత ఏసి పొమ్మను," అని బండి తిప్పింది. అత్త అప్పుడు కళ్ళు తెరిచి, గేటు దాటకుండా, మా వెనకాలే వచ్చింది.

గోడ అవతల చల్లగా ఉంది, మట్టి తడిగా ఉంది. ఇనుప చువ్వల పక్కన మమ్మల్ని నిలబెట్టి, అప్పలనర్సమ్మ నాలుకతో ఏదో చప్పుడు చేసింది. బురదలోంచి ఒక గుట్ట లేచింది. ఖడ్గమృగం. నా కాళ్ళు వెనక్కి పడ్డాయి. చామంతి మాత్రం కదల్లేదు. తల కొంచెం పక్కకి వంచి వింటోంది.

"దానికి నాలుగు కాళ్ళూ ఒకేలా పడట్లేదు. వెనక ఎడమకాలు నొప్పా?" అంది.

అప్పలనర్సమ్మ నోరు తెరిచింది. "మూడు రోజుల్నుంచీ సెప్తన్నాను, ఎవడూ నమ్మడు. కంటికి బాగానే నడుస్తందంటారు."

చామంతి చేతికి గడ్డి కట్ట ఇచ్చి, చెయ్యి పట్టుకుని ఎలా చాచాలో నేర్పింది. ఆ పెద్ద పెదవి వచ్చి వేళ్ళ మధ్య నుంచి గడ్డి లాక్కుంది. నమలడం మా అందరికీ వినిపించింది. ఊపిరి వదిలితే చామంతి జుట్టు ఎగిరింది. తర్వాత అది తల పక్కకి తిప్పినప్పుడు చామంతి చువ్వల మధ్య నుంచి దాని బుగ్గ మీద అరచెయ్యి పెట్టింది. అలా ఎంతసేపు ఉందో నేను లెక్కపెట్టలేదు. జోగారావు మొహం పక్కకి తిప్పుకుని నిలబడ్డాడు.

అడగాల్సిన ప్రశ్నల్లో ఆరు అడిగింది. ఏడోది అడుగుతుంటే ఇద్దరు ఉద్యోగులు వచ్చారు. మమ్మల్ని మర్యాదగానే బయటికి నడిపించారు. ఏనుగుని చూడలేదు, పులిని చూడలేదు. నలుగురం ఒకే ఒక్క జంతువుని కలిసి వచ్చాం.

రైలెక్కాక చామంతి అంది. "అమ్మా, ఇంకెప్పుడూ నాకు చెప్పకుండా నా గురించి సరే అనకు."

"అనను."

"నువ్వు రాసుకో."

రాశాను.


మార్చి 15

మండలి ఉత్తరం. మేత దారిన అక్రమంగా ప్రవేశించినందుకు మా కుటుంబానికి రెండు వంతులు రద్దు. అంటే ఇరవై ఒక్క ఏళ్ళ దాకా లేదు. సంతకం భార్గవది. కింద చిన్న అక్షరాల్లో 'క్షమించండి' అని ఉంది. అది అతను సొంతంగా రాసిందో, యంత్రం అందరికీ వేసేదో తెలీదు.

పదకొండేళ్ళ పిల్లని పదకొండు నెలలని రాయడం సక్రమం. తన కాళ్ళ మీద తను నడిచి వెళ్ళడం అక్రమం. ఈ ముక్కే రాసి, మా అందరి సంతకాలతో మండలికి పంపాను. కాపీ పత్రికలకి కూడా పంపాను. చామంతి వేలిముద్ర వేసింది.

అప్పలనర్సమ్మ గారికి ఏమైనా అయిందేమోనని భయపడి ఫోన్ చేశాను. నవ్వింది. "నన్నేటి సేత్తారమ్మా? అది నా సేతి మేత తప్ప తినదు. అన్నట్టు, కాలు ఫోటో తీశారు. గోటి కింద రాయి ఉంది. మీ గుంటకి సెప్పు."

చెప్పాను. బడికి వెళ్ళేటప్పుడు ఆ మాట మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది.


మార్చి 22

ఒక చిన్న పత్రిక మా ఉత్తరం వేసింది. ఈ రోజు మధ్యాహ్నం, సైరన్ మోగాక అందరం ఇంట్లో ఉండగా, తెలియని ఊరి నుంచి ఫోన్ వచ్చింది. ఒకావిడ. పేరు మెర్సీ రాణి అని చెప్పింది.

"పేపర్లో రాసింది మీరేనా అండీ?"

"అవునండీ."

"మా వాడు ప్రభుదాస్. పందొమ్మిదేళ్ళు. కళ్ళు మూడుసార్లు పెట్టించాం. ఇలాంటి పిల్లాడు మాకొక్కరికే ఉన్నాడని చెప్పారండీ ఆసుపత్రిలో. దేశం మొత్తానికి ఒక్కడే అన్నారు. పందొమ్మిదేళ్ళు అలాగే అనుకున్నాం."

నేను కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను. అబద్ధం కూడా ఇంత ఒంటరిగా ఉంచుతుందా మనుషుల్ని! ఇంకెంతమందికి ఇదే మాట చెప్పారో. ఆవిడకి తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాను. పొద్దున పత్రిక ఆఫీసులో అడిగితే, తనలాగే మరో ఇద్దరు ఫోన్ చేశారని చెప్పారట. వాళ్ళ నంబర్లు ఇస్తానంది. నలుగురు పిల్లలూ కలిసి ఆ గేటు ముందుకి నడిచి వెళ్దామా అని అడిగాను. "వెళ్దామండీ," అని వెంటనే అంది. అడగడానికి నేను తటపటాయించినంతసేపు కూడా పట్టలేదు ఆవిడకి.

తర్వాత మెల్లగా, "మా వాడు పక్కనే ఉన్నాడండీ. ఒక్కటి అడగమంటున్నాడు. ఆ జంతువు ఎలా ఉంటుందని," అంది.

నేను చామంతిని పిలిచాను. పలక దగ్గరికి వచ్చి నిలబడింది. అవతల ఒక మగపిల్లాడి గొంతు, బెరుగ్గా, "హలో," అంది.

చామంతి తల కొంచెం పక్కకి వంచి ఆ గొంతు వింది. తర్వాత కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని, "తీరిగ్గా ఉన్నావా అన్నయ్యా? చాలా ఉంది," అంది. "ముందు వాసన చెబుతాను."